భాస్వరం ఎరువుకు పంట రకాల స్పందన

ఒకే చేలో, ఒకే రోజున, ఒకే మోతాదు భాస్వరం వేసి రెండు రకాల విత్తనం చల్లితే రెండూ ఒకేలా పెరగవు. ఒకటి ఎరువు పడిన మడిలో విరగకాసి, పడని మడిలో గిడసబారిపోతుంది. ఇంకొకటి ఎరువు వేసినా వేయకపోయినా పెద్ద తేడా చూపదు. ఈ తేడానే భాస్వరానికి రకాల స్పందన అంటారు. కందికీ జొన్నకూ మధ్య ఉండే తేడా, అంటే పంటకూ పంటకూ మధ్య తేడా, ఇందులో ఒక భాగం. ఒకే వరిలో స్వర్ణకూ సాంబ మసూరికీ మధ్య ఉండే తేడా మరో భాగం. నత్రజనికి ఏ రకం ఎంత స్పందిస్తుందో హరిత విప్లవం నాటి నుంచీ లెక్కలు కట్టారు. పొట్టి రకాలను ఎంచుకున్నదే ఆ లెక్క మీద. భాస్వరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాకాలం పంట పేరు చూసి మోతాదు చెప్పారు తప్ప రకం పేరు అడగలేదు.

నేలలో భాస్వరం తీరు

భాస్వరాన్ని 1669లో హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ మూత్రాన్ని మరిగించి వేరుచేశాడు. దాన్ని కర్మాగారపు ఎరువుగా మార్చినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ బెన్నెట్ లాస్. 1842లో సూపర్ ఫాస్ఫేటు తయారీకి పేటెంటు తీసుకుని, మరుసటి ఏడాది రోథమ్‌స్టెడ్‌లోని తన సొంత పొలంలో క్షేత్ర ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ ప్రయోగాల్లో కొన్ని నేటికీ నడుస్తున్నాయి.

నత్రజని నీటితో పాటు కదిలి వేరు దగ్గరికి వస్తుంది. భాస్వరం అలా రాదు. నేల నీటిలో కరిగి ఉండే భాస్వరం అతి స్వల్పం. కరిగిన ఆ కొంచెం కూడా ఒక పంట కాలంలో కొన్ని మిల్లీమీటర్ల దూరానికి మించి జరగదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది పీల్చేసుకుంటే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, మళ్లీ నిండడానికి చాలా సమయం పడుతుంది. కాబట్టి భాస్వరం కావాలంటే వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి. రకాల మధ్య తేడా అంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

వేసిన ఎరువు కూడా నేలలో ఉన్నట్టే ఉండి మొక్కకు అందదు. ఆమ్ల గుణం ఉన్న నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టుకుంటాయి. సున్నం ఎక్కువున్న నేలల్లో కాల్షియం పట్టుకుంటుంది. ఉదజని సూచిక 6 నుంచి 7 మధ్య ఉన్నప్పుడు లభ్యత మెరుగ్గా ఉంటుంది. వేసిన సంవత్సరం పంట తీసుకునేది సాధారణంగా 15 నుంచి 25 శాతమే. మిగిలింది పూర్తిగా పోయిందనుకోవడం పొరపాటు. రోథమ్‌స్టెడ్‌లో 1901 దాకా భాస్వరం వేసి ఆపేసిన మడుల్లో దశాబ్దాల తర్వాత కూడా, ఎన్నడూ వేయని మడులకన్నా బార్లీ బాగా పండింది. ఏళ్ల తరబడి లెక్క కట్టి చూస్తే వేసిన భాస్వరంలో చాలా భాగం ఏదో ఒక పంట తీసుకుంటుందని తేలింది. అంటే దశాబ్దాలుగా డీఏపీ, సూపర్ వేస్తూ వచ్చిన పొలాల్లో భాస్వరం నిల్వ పెరిగి ఉంటుంది. ఆ నిల్వను తీసుకోగల రకం ఏది, తీసుకోలేనిది ఏది అన్నదే అసలు ప్రశ్న.

సంచి మీది అంకెల గురించి ఒక మాట చెప్పాలి. 50 కిలోల డీఏపీ సంచిలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నాయంటే ఆ 23 కిలోలు ఫాస్ఫరస్ పెంటాక్సైడు లెక్కలో చెప్పినవి. అసలు మూలకం దాదాపు 10 కిలోలే. అదే బరువున్న సింగిల్ సూపర్ ఫాస్ఫేటు సంచిలో 8 కిలోల పెంటాక్సైడు ఉంటుంది, దానితో పాటు కాల్షియం, గంధకం కూడా వస్తాయి. పరిశోధన వ్యాసాల్లో మూలకం లెక్క, సిఫారసుల్లో పెంటాక్సైడు లెక్క వాడతారు. ఈ రెండింటినీ కలిపేసి చదివితే రకాల స్పందన రెండింతలకు పైగా తప్పుగా అర్థమవుతుంది.

స్పందనను కొలవడం

ఎరువు మోతాదు పెంచుతూ పోతే దిగుబడి మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా పెరిగి ఒక దశలో నిలిచిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త మిచర్లిష్ 1909లో దీనికి ఒక సమీకరణం ఇచ్చాడు. రకాలను పోల్చేటప్పుడు ఈ వక్రరేఖలో మూడు చోట్లు చూడాలి. ఎరువు అసలు వేయనప్పుడు దిగుబడి ఎంత, మొదటి కిలోలకు ఎంత వేగంగా పెరిగింది, ఎక్కడ ఆగిపోయింది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మొదటి రకం భాస్వరం లేకుండా ఎకరాకు 10 బస్తాలు, పూర్తి మోతాదుతో 28 బస్తాలు పండింది. రెండో రకం లేకుండా 20, పూర్తి మోతాదుతో 26 పండింది. మొదటిదాని స్పందన 18 బస్తాలు, రెండోదాని స్పందన 6. స్పందన ఒక్కటే చూస్తే మొదటిదే గొప్పది. ఎరువు కొనలేని ఏడాది రైతు ఇంటికి వచ్చే గింజ చూస్తే రెండోది. ఎక్కువ స్పందన అన్నమాట వినగానే మంచి గుణం అనిపిస్తుంది గానీ, చాలాసార్లు అది ఎరువు లేకపోతే బతకలేని బలహీనతకు మరో పేరు. ఈ సంగతి విత్తనాల ప్రచారంలో ఎక్కడా కనిపించదు.

అందుకే శాస్త్రవేత్తలు రకాలను రెండు గుణాల మీద నాలుగు వర్గాలు చేస్తారు. తక్కువ భాస్వరంలో సగటుకన్నా ఎక్కువ పండే రకం సమర్థమైనది. ఎరువు వేస్తే సగటుకన్నా ఎక్కువ పెరిగే రకం స్పందించేది. ఈ రెండూ ఉన్నవి, ఒకటే ఉన్నవి, ఏదీ లేనివి అని నాలుగు గుంపులవుతాయి. బ్రెజిల్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలో పనిచేసిన ఎన్.కె. ఫజేరియా వరి, చిక్కుడు రకాలను ఈ పద్ధతిలో విస్తృతంగా వర్గీకరించారు. సమర్థతలో మళ్లీ రెండు పాళ్లున్నాయి. నేల నుంచి లాగగల శక్తి ఒకటి. లాగిన భాస్వరంతో ఎక్కువ గింజ తయారు చేయగల పొదుపు మరొకటి. ఇప్పటిదాకా కనిపెట్టిన రకాల తేడాల్లో ఎక్కువ పాలు మొదటి శక్తిదే.

వేరు చేసే పనులు

వేరుకున్న మొదటి ఆయుధం నూగు. మూలకేశాలుగా పుస్తకాల్లో చదివిన ఈ సన్నటి వెంట్రుకలు మిల్లీమీటరు లోపు పొడవే అయినా, వేరు తాకే నేలను ఎన్నో రెట్లు పెంచుతాయి. డెన్మార్క్‌లో గహూనియా బృందం బార్లీ రకాల నూగు పొడవును కొలిచి, నూగు పొడవున్న రకాలు భాస్వరం తక్కువున్న నేలలో ఎక్కువ తీసుకుంటాయని చూపింది. అసలు నూగే లేని బార్లీ మ్యూటెంటును కూడా ఈ బృందం 2001లో వివరించింది. రెంటినీ పక్కపక్కన పెంచితే నూగు విలువ కంటికి కనిపిస్తుంది.

రెండోది వేరు పోయే కోణం. భాస్వరం ఎక్కువగా పై పొరలో ఉంటుంది. నేలలోకి నిటారుగా దిగే వేరుకన్నా పక్కలకు పరుచుకునే వేరుకు అది ఎక్కువ దొరుకుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జొనాథన్ లించ్, ఆయన సహచరులు చిక్కుడులో ఈ విషయాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. మొజాంబిక్ పొలాల్లో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. నూగు పొట్టిగా, వేళ్లు లోతుగా ఉన్న చిక్కుడుతో పోలిస్తే, భాస్వరం తక్కువున్న నేలలో నూగు పొడవున్నవి 89 శాతం ఎక్కువగా పెరిగాయి. వేళ్లు పక్కకు పరుచుకున్నవి 58 శాతం ఎక్కువగా పెరిగాయి. రెండు గుణాలూ కలిసినవి దాదాపు 300 శాతం ఎక్కువగా పెరిగాయి. రెండు గుణాలను విడివిడిగా కూడితే వచ్చేదానికన్నా ఇది ఎంతో ఎక్కువ. లోతుకు దిగని వేరుకు బెట్ట వచ్చినప్పుడు నీరు అందదన్న ఇబ్బంది ఉండనే ఉంది. వర్షాధార ప్రాంతంలో ప్రజననకారుడు ఈ రెండు అవసరాలకూ మధ్య దారి వెతుక్కోవాలి.

మూడోది వేరు విడిచే రసాలు. సిట్రిక్, మాలిక్ వంటి సేంద్రియ ఆమ్లాలు నేలలో బిగిసిపోయిన భాస్వరాన్ని విడదీస్తాయి. ఫాస్ఫటేజు ఎంజైములు సేంద్రియ పదార్థంలోని భాస్వరాన్ని విప్పుతాయి. వైట్ లూపిన్ అనే కాయధాన్యం భాస్వరం కొరత పడగానే సీసాలు కడిగే బ్రష్షులా గుత్తివేళ్లు వేసి సిట్రిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తుంది.

నాలుగోది వేరుతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రం. దాని దారాలు వేరు చేరలేని సందుల్లోకి పోయి భాస్వరం తెచ్చిపెడతాయి. ప్రతిగా మొక్క చక్కెర ఇస్తుంది. కర్రపెండలం వేళ్లు ముతక, సంఖ్యలోనూ తక్కువ. అయినా బీద నేలల్లో బతుకుతుందంటే ఈ శిలీంధ్రం చలవే. ఉల్లికి కూడా నూగు తక్కువ కాబట్టి దీని మీదే ఆధారపడుతుంది. ఆవ, క్యాబేజీ కుటుంబానికి ఈ స్నేహం లేదు. భాస్వరం ఎరువు ఎక్కువైన నేలలో మొక్క శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు.

పటాన్‌చెరు కుండీల్లో కంది, శనగ

ఈ రంగంలో తెలుగు నేల మీద జరిగిన ముఖ్యమైన పరిశోధన ఇది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఆవరణలో ఒక పక్క ఎర్రనేల, ఇంకో పక్క నల్లరేగడి ఉన్నాయి. ఎర్రనేలలో భాస్వరం ఎక్కువగా ఇనుముకు అతుక్కుని ఉంటుంది. రేగడిలో కాల్షియానికి అతుక్కుని ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త నొరియుకి ఏ, ఆయన సహచరులు ఈ రెండు నేలలనూ కుండీల్లో నింపి, భాస్వరం వేయకుండా కంది, శనగ, జొన్న, సజ్జ, మొక్కజొన్న, సోయా పెంచి చూశారు.

నేల పరీక్ష ప్రకారం రెండు నేలల్లోనూ అందుబాటు భాస్వరం తక్కువే. అయినా జొన్న, సజ్జ, మొక్కజొన్న, సోయా రేగడిలో కొంతవరకు పెరిగి, ఎర్రనేలలో పూర్తిగా వెనకబడ్డాయి. కంది వాటికి ఎదురు నడిచింది. మిగతావి కొరతతో కుంగిపోయిన ఎర్రనేలలోనే అది నిలదొక్కుకుంది. కారణం వెతికితే కంది వేరు విడిచే రసంలో పిసిడిక్ ఆమ్లం, దాని దగ్గరి రూపం ఒకటి దొరికాయి. ఇవి ఇనుమును పట్టుకుని దానికి అంటుకున్న భాస్వరాన్ని వదిలిస్తాయి. 1990లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఈ ఫలితం భారత ఉపఖండపు పంటల కూర్పులో కంది స్థానాన్ని కొత్తగా వివరించింది. ఇతర పంటలకు అందని భాస్వరాన్ని కంది బయటికి తీస్తుంది. అది రాల్చిన ఆకు ద్వారా, నేలలో మిగిలిన వేరు ద్వారా ఆ భాస్వరం తర్వాతి పంటకు చేరుతుంది. తెలంగాణ చల్కల్లో తరతరాలుగా జొన్న సాళ్ల మధ్య కంది వేస్తూ వచ్చిన రైతుకు పిసిడిక్ ఆమ్లం పేరు తెలియదు. పద్ధతి మాత్రం సరైనదే.

శనగ కథ రేగడిది. శనగ మొక్క పులుపు మన పల్లెల్లో అందరికీ తెలుసు. చేలో తెల్లవారుజామున గుడ్డ పరిచి మంచుతో పాటు ఆకు పులుసు పట్టి వైద్యానికి వాడిన రోజులున్నాయి. ఆకు మీది పులుపు ప్రధానంగా మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలది. వేరు కూడా సిట్రిక్ వంటి ఆమ్లాలను విడుస్తుంది. అవి కాల్షియంతో బిగిసిన భాస్వరాన్ని కరిగిస్తాయి. రేగడిలో శనగకు భాస్వరం వేస్తే చాలాసార్లు ఆశించినంత స్పందన కనిపించకపోవడానికి ఇది ఒక కారణం. మరో కారణం పైపొర ఎండిపోవడం. శనగ రబీలో నిల్వ తేమ మీద పండుతుంది. పైన వేసిన ఎరువు పొడి మట్టిలో ఉండిపోతే వేరు దాన్ని ముట్టదు. విత్తనం కింద తడి పొరలో ఎరువు పడేలా వేస్తేనే ఫలితం ఉంటుంది.

నేల పరీక్షకు ఇక్కడొక పరిమితి బయటపడుతుంది. ఓల్సన్ 1954లో రూపొందించిన పద్ధతిలో సోడియం బైకార్బనేటు ద్రావణంతో మట్టిని కడిగి, అందులోకి దిగిన భాస్వరాన్ని కొలుస్తారు. మన ప్రయోగశాలల్లో హెక్టారుకు 10 కిలోల లోపుంటే తక్కువ, 25 కిలోలు దాటితే ఎక్కువ అని రాసేది మూలకం లెక్కలో ఈ కొలతనే. ఆ ద్రావణం తీయగలిగింది కంది వేరు తీయగలిగినదానితో సమానం కాదు. జొన్నకు తక్కువని రాసిన చీటీ కందికి కూడా తక్కువ అని చెప్పినట్టు కాదు. అయినా కందికీ శనగకూ, ఎర్రనేలకూ రేగడికీ ఎకరాకు 20 కిలోల పెంటాక్సైడు అన్న ఒకే మాట మనకు అలవాటైపోయింది.

వరి: కసలత్ నుంచి స్వర్ణ దాకా

వరికి భాస్వరం సంగతిలో నీరు ఒక వరం. మడిలో నీళ్లు నిలిస్తే గాలి ఆడక ఇనుము రూపం మారి, దానికి అంటుకున్న భాస్వరం విడుదలవుతుంది. అందుకే దమ్ము చేసిన పొలంలో వరి స్పందన తక్కువగా కనిపించినా, అదే నేలలో తర్వాత వేసే ఆరుతడి పంట గట్టిగా స్పందిస్తుంది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి–గోధుమ వరసలో భాస్వరాన్ని గోధుమకు వేసి వరికి మానుకోమని చెప్పేది ఈ లెక్క మీదే. మన దగ్గర యాసంగిలో, దాళ్వాలో నాట్ల వేళ చలి ఉంటుంది. వేరు ఎదుగుదల మందగించి భాస్వరం అందదు. పైరు ముదురు ఆకుపచ్చగా మారి, పిలకలు వేయకుండా నిలబడిపోతుంది. సార్వాలో అదే పొలంలో ఆ లక్షణం కనిపించకపోవచ్చు.

రకాల తేడా మీద లోతైన పరిశోధన జపాన్‌లో మొదలైంది. మథియాస్ విస్సువా, ఆయన సహచరులు ఉపఖండపు ఔస్ వర్గానికి చెందిన కసలత్ అనే పాత రకాన్నీ, జపాన్ ఆధునిక రకం నిప్పన్‌బారేనూ కలిపి, వాటి సంతానాన్ని భాస్వరం కొరత ఉన్న నేలలో పెంచారు. 12వ క్రోమోజోములోని ఒక భాగం కసలత్ నుంచి వచ్చిన మొక్కలు ఎక్కువ భాస్వరం తీసుకున్నాయని 1998లో తేల్చారు. ఆ భాగానికి పప్1 అని పేరు పెట్టారు. అందులో పనిచేసే జన్యువు ఏదన్నది తేలడానికి మరో 14 ఏళ్లు పట్టింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సిగ్రిడ్ హోయర్ బృందం 2012లో ‘నేచర్’ పత్రికలో ఆ జన్యువును ప్రకటించింది. దాని పేరు పీస్టాల్1. అది ఒక ప్రోటీన్ కైనేజును తయారు చేస్తుంది. లేత దశలోనే వేళ్లు ఎక్కువగా వేసేలా చేస్తుంది. వేరు పెరిగితే భాస్వరంతో పాటు ఇతర పోషకాలు కూడా ఎక్కువే అందుతాయి.

జన్యువు దొరకడానికి అంత ఆలస్యం కావడానికి కారణం ఆలోచింపజేసేది. ప్రపంచమంతా ప్రామాణికంగా వాడిన వరి జన్యుపటం నిప్పన్‌బారేది. అందులో ఈ జన్యువు అసలు లేదు. లేనిదాన్ని పటంలో వెతికితే ఎలా దొరుకుతుంది? తర్వాత పరిశీలిస్తే మెట్ట పొలాలకూ, బీద నేలలకూ అలవాటైన పాత రకాల్లో ఇది తరచుగా ఉంది. నీటిపారుదల కింద పండించే ఆధునిక రకాల్లో అరుదుగా ఉంది. ఐఆర్ 64లో కూడా లేదు. ఎరువు నిండుగా వేసిన పరిశోధన క్షేత్రంలో ఈ జన్యువు ఉన్న మొక్కా లేని మొక్కా ఒకేలా పండుతాయి. ఎంపిక చేసేవారి కంటికి తేడా కనిపించదు. అక్కరలేదనిపించిన గుణం తరం మారేకొద్దీ జారిపోయింది. ఎవరి తప్పూ లేకుండా జరిగిన ఈ నష్టం ఎరువు సంచి ధర పెరిగినప్పుడు గానీ తెలిసిరాలేదు.

మన రకాల్లో స్వర్ణ ఒక మినహాయింపు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎంటీయూ 7029 ఇదే. వశిష్ఠ, మసూరి దీని తల్లిదండ్రులు. డెల్టా సారవంతమైన పొలాల కోసం తయారైన ఈ రకంలో పప్1 ఉంది. బాపట్ల ఇచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 వంశంలో కూడా మసూరి ఉన్నా, దానిలో పప్1 లేదు, కొరత నేలలో అది కుంగిపోతుంది. మారుటేరుదే అయిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు కూడా కొరతకు తట్టుకోలేనిదే. ఈ మూడూ లక్షలాది ఎకరాల్లో పక్కపక్కనే పండుతున్నాయి. మూడింటికీ సంచులు ఒకే లెక్కన పడుతున్నాయి.

రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో ఏళ్ల తరబడి భాస్వరం వేయకుండా ఉంచిన ఒక మడి ఉంది. అందుబాటు భాస్వరం దాదాపు అడుగంటిన ఆ మడిలో రకాలను నాటి పరీక్షిస్తారు. తట్టుకోలేనివి పిలకలు వేయవు, పూత ఆలస్యమవుతుంది, కొన్ని గింజ దాకా రావు. స్వర్ణ, రాశి వంటివి అక్కడ తట్టుకుంటాయి. ఈ సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణ నుంచి పప్1ను మార్కర్ల సాయంతో ఎంటీయూ 1010లోకి తీసుకొచ్చారు. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. దానిలోకి కూడా పప్1 చేర్చారు. డీఆర్ఆర్ ధాన్ 60 అలా వచ్చిన రకం. ఇందులో విదేశీ జన్యువు గానీ, జన్యుమార్పిడి గానీ లేవు. మన పొలాల్లోనే తిరుగుతున్న ఒక రకం నుంచి మరో రకానికి సంకరం ద్వారా చేర్చిన గుణం ఇది. ఎన్నో కొత్త పరిశోధనలకన్నా ఇది రైతుకు దగ్గరి మేలు చేస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పప్1 ఒక్కటే దారి కాదు. అది లేకపోయినా వేరే గుణాలతో కొరతను తట్టుకునే వరి రకాలున్నాయి. అది ఉన్నా నేల తీరును బట్టి, నీటి తీరును బట్టి దాని ఫలితం మారుతుంది.

ఇతర పంటలు

జొన్న మీద పశ్చిమ ఆఫ్రికాలో విలువైన కృషి జరిగింది. అక్కడి రైతుల్లో చాలామంది ఎరువు లేకుండానే పండిస్తారు. ఇక్రిశాట్‌లోని ఇవా వెల్ట్‌జియెన్, విల్మార్ లైజర్ తదితరులు భాస్వరం వేసిన, వేయని మడుల్లో రకాలను పక్కపక్కన పరీక్షించారు. వేయని మడిలో నిలబడే రకం కావాలంటే వేయని మడిలోనే ఎంపిక చేయాలని 2012లో చూపారు. ఎరువు వేసిన మడిలోని ర్యాంకులు నమ్ముకుంటే ఎంపిక బలహీనమవుతుంది. స్థానిక రకాలు బీద నేలలో ముందు నిలిచాయి. అల్యూమినియం విషాన్ని తట్టుకునే గుణం, కొరత నేలలో గింజ దిగుబడి రెండూ జన్యుపటంలో ఒకే చోట కలిసి ఉన్నాయని 2014లో తేల్చారు.

మొక్కజొన్న లేత దశలో భాస్వరానికి బాగా ఆకలిగొన్న పంట. కొరత ఉంటే ఆకు అంచులు ఊదా రంగుకు తిరుగుతాయి. కొన్ని హైబ్రిడ్లలో చలికి కూడా ఆ రంగు వస్తుంది కాబట్టి రంగు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. బంగాళదుంప వేరు పైపైనే ఉంటుంది, స్పందన ఎక్కువ. వేరుశనగలో డీఏపీ, సూపర్ మధ్య తేడాను చాలామంది భాస్వరం తేడాగా పొరబడతారు. అక్కడ తేడా తెచ్చేది సూపర్‌లోని గంధకం, కాల్షియం. ఊడ దిగే పొరలో కాల్షియం లేకపోతే కాయ నిండదు.

లోపలి పొదుపు

పంట కోసేనాటికి మొక్కలోని భాస్వరంలో అధిక భాగం గింజలో చేరి ఉంటుంది. హెక్టారుకు 5 టన్నుల వడ్లు ఇంటికి వస్తే వాటితో పాటు 10 నుంచి 15 కిలోల భాస్వరం మూలకం పొలం దాటిపోతుంది. గింజలో అది ఎక్కువగా ఫైటిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. మనిషికి గానీ, కోడికి గానీ ఆ రూపం అరగదు. పైగా ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. అమెరికాలో విక్టర్ రబాయ్ ఫైటిక్ ఆమ్లం తక్కువున్న మొక్కజొన్న, బార్లీ మ్యూటెంట్లను తయారు చేశారు. గింజలోకి భాస్వరం తక్కువ పోయే రకాలు వస్తే నేల నుంచి తరలిపోయేది తగ్గుతుంది. మరీ తగ్గితే మొలక బలహీనపడుతుంది. ఈ హద్దు ఎక్కడ అన్నది పంట పంటకూ వేరు.

ఎక్కువైతే

స్పందన రేఖ ఆగిపోయిన తర్వాత వేసేది వృథా అవడంతో ఆగదు. భాస్వరం మితిమీరితే జింకు అందదు. వరిలో జింకు లోపం వల్ల వచ్చే ఖైరా రోగాన్ని వై.ఎల్. నేనే 1966లో పంత్‌నగర్‌లో గుర్తించారు. భాస్వరం నిల్వ పెరిగిన పొలాల్లో ఆ లోపం తీవ్రమవుతుంది. రకాల తేడా ఇక్కడ కూడా ఉంటుంది. జింకు లోపాన్ని తట్టుకునే రకం, తట్టుకోలేని రకం పక్కపక్కన ఉంటే ఒకటి తుప్పు రంగుకు మారి ఇంకొకటి పచ్చగా ఉంటుంది.

ఆస్ట్రేలియాలో అతి బీద నేలల్లో పుట్టిన బ్యాంక్సియా జాతి మొక్కలకు సాధారణ మోతాదు భాస్వరమే విషం. తీసుకోవడం ఆపుకోలేక అవి చచ్చిపోతాయి. పంట మొక్కల్లో ఇంత తీవ్రత లేదు.

ఇలా అవసరానికి మించి వేసే ఎరువుకు ముడిసరుకు కూడా మన దగ్గర తక్కువే. ప్రపంచంలోని భాస్వరపు రాయి నిల్వల్లో అధిక భాగం మొరాకో దగ్గరుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్ర వంటి కొద్ది గనులు తప్ప పెద్ద నిల్వలు లేవు. ముడి రాయి, ఆమ్లం, తయారైన డీఏపీ అన్నీ దిగుమతి మీదే నడుస్తాయి. ఓడ ఆలస్యమైన ఏడాది సొసైటీ ముందు క్యూ పెరుగుతుంది.

సిఫారసుల్లో రకం పేరు

తక్కువ భాస్వరంలో పండే రకాలు నేలను పీల్చి పిప్పి చేస్తాయన్న అభ్యంతరం ఉంది. అసలే లేని నేలలో అది నిజం. అక్కడ ఎంత సమర్థమైన రకం వేసినా, గింజతో పోయినంతైనా తిరిగి వేయాలి. నిల్వ పెరిగిన డెల్టా మడిలో మాత్రం ఆ అభ్యంతరం నిలవదు. అక్కడ ఇలాంటి రకం పాత పొదుపును బయటికి తీస్తుంది. నేల పరీక్ష, రకం గుణం, కాలం ఈ మూడూ కలిపి చూస్తే గానీ మోతాదు తేలదు. ఎప్పుడు వేయాలన్న విషయంలో మాత్రం సందేహం లేదు. భాస్వరం మొత్తం ఆఖరి దుక్కిలోనో దమ్ములోనో పడాలి. నాట్లేసిన నెల తర్వాత పైపాటుగా చల్లిన కాంప్లెక్సు ఎరువులోని భాస్వరం ఆ పైరుకు చాలామటుకు అందదు.

కొత్త రకం విడుదలయ్యేటప్పుడు కాలపరిమితి, గింజ సైజు, తెగుళ్లను తట్టుకునే శక్తి, దిగుబడి ప్రకటిస్తారు. భాస్వరం వేయని మడిలో ఎంత పండిందో కూడా ఆ వరసలో రాయాలి. రాజేంద్రనగర్‌లో ఉన్నటువంటి మడి ప్రతి పరిశోధన స్థానంలోనూ, ఎర్రనేలలో ఒకటి, రేగడిలో ఒకటి ఉండాలి. ఆ అంకె సంచి మీదికి వచ్చేదాకా రైతు తన పొలంలోనే తెలుసుకునే మార్గం ఒకటుంది. ఈసారి నాట్లప్పుడు ఒక మూల చిన్న మడిని గట్టు వేసి వేరుచేసి, నత్రజని, పొటాష్ మామూలుగా వేసి, భాస్వరం ఒక్కటే మానేయండి. పిలకలు లెక్కపెట్టండి, పూత తేదీ రాసుకోండి, కోసిన వడ్లు విడిగా తూచండి. రకం మార్చిన ప్రతి ఏడాదీ ఇలా చేయండి.